ఎరువుల సొమ్మా, అరువుల సొమ్మా?

ఇంగ్లిషులో బారో (అడిగి తీసుకోవడం), లెండ్ (వాడుకోమని ఇవ్వడం) తేడా చెప్పడానికి ఒక సామెత కావాలి. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ వరకు గుర్తుంది, తర్వాతి ముక్క అందడం లేదు. అసలు మొదటి మాట ఎరువులా, అరువులా?

– ‘అందులో ఒకటి పోతే అప్పుల చేటు’. మొదటిది అరువే అయ్యుంటుంది. కొట్లలో ‘అరువు రేపు’ అని రాసి ఉంటుంది కదా. ఎరువు పొలానికి వేసేది.

– కాదండీ, ఎరువే. రెండో ముక్కే సాక్ష్యం. అరువుకి తెచ్చిన సరుకు మనదైపోతుంది, బాకీ ఉండేది డబ్బే. ఇక్కడ హైదరాబాదులో ఉద్దెర అనేది దాన్నే. ఎరువు తెచ్చిన హారాన్ని మాత్రం ఆ హారంగానే తిరిగివ్వాలి. అది పోతే కొత్తది చేయించి ఇవ్వాలి, అందుకు అప్పు చెయ్యాలి. అరువైతే ‘ఒకటి పోతే’కి అర్థమే లేదు. ఇక పంచదార తెచ్చుకుంటే దాన్ని ‘బదులు’ అంటాం: గ్లాసు తెచ్చుకుంటే గ్లాసు కొలిచి ఇస్తాం, ఆ పలుకులే ఇవ్వం. వడ్డీ, కాగితం లేని డబ్బు చేబదులు. హారానికీ పంచదారకీ డబ్బుకీ ఇంగ్లిషులో బారో ఒక్కటే.

– అడిగింది లెండ్ గురించి కూడా! అమీర్‌పేట క్లాసుల్లో దిద్దాల్సిన తప్పు ‘బారో మీ యువర్ పెన్’. ‘నాకు పెన్ను ఇస్తారా’లోని ‘నాకు’ బారో పక్కన చేరడం వల్ల వస్తుంది. ‘నాకు ఇవ్వండి’ అయితే లెండ్ మీ. ‘మీ దగ్గర తీసుకుంటా’ అయితే బారో ఫ్రమ్ యూ. బాత్‌రూములా పట్టుకెళ్లలేనివాటికి రెండూ నప్పవు, యూజ్ అనాలి.

– తెలుగులో ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో క్రియే చెబుతుంది. సుమతీ శతకంలో ‘అప్పిచ్చువాడు’ ఒకరు, ‘అప్పుగొని సేయు విభవము’ (అప్పు చేసి జరిపే వైభవం) ఇంకొకరిది. అప్పు కదల్లేదు, ఇచ్చు, కొను మారాయి. ఎంత పొదుపో! ఆ రెండో పద్యం చివర ‘మీద గీడు దెచ్చుర’లో ‘మీద’ అంటే తర్వాత. అప్పు కీడు విందు రోజున రాదు.

– జర్మన్‌లో లైహెన్, బోర్గెన్ రెండూ ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ పనిచేస్తాయి. బారోకి మూలమైన పాత ఇంగ్లిషు మాటకి పూచీ అని అర్థం.

– ఎరువు కూడా కాదు, ఎరవు. కన్నడ ఎరవలు, తమిళ ఇరవల్ చూడండి, రకారానికి కొమ్ము లేదు.

– అప్పుడు బరువుతో ప్రాస పోదా?

– ప్రాసకి రకారం కలిస్తే చాలు, అచ్చు కలవనక్కర్లేదు.

– అది పద్యానికి. సామెత నోట నిలిచింది ‘రువు’ మీదే.

– పొలానికి వేసేది తమిళంలో ఎరు, ఇది ఇరవల్. మొదటి అచ్చులోనే విడిపోయాయి. మీ ‘రువు’ ఆ రెంటినీ కలిపేస్తోంది.