అప్‌డేట్: ల్యాబ్‌లో రూట్ పాస్‌వర్డ్ మారని సమస్య తీరింది

సర్టిఫికేషన్ పరీక్ష కోసం ఇంట్లో పెట్టుకున్న ప్రివిలేజ్డ్ అకౌంట్ మేనేజ్‌మెంట్ (పెద్ద అధికారాలున్న అకౌంట్ల పాస్‌వర్డ్‌లను ఒక సాఫ్ట్‌వేర్‌తో భద్రపరిచి, మార్చే పద్ధతి) ల్యాబ్‌లో, ఉబుంటు లినక్స్ సర్వర్‌లోని రూట్ (సర్వాధికారాలున్న అకౌంట్) పాస్‌వర్డ్‌ను ఆ సాఫ్ట్‌వేర్ వెరిఫై చేయలేకపోతోందని, మార్చలేకపోతోందని పోయిన వారం అడిగాను. ఇప్పుడు పనిచేస్తోంది.

ఆథ్ లాగ్ (లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఫైల్) చూడమన్న వారికి చాలా థాంక్స్. సాఫ్ట్‌వేర్ ప్రయత్నించిన ప్రతిసారీ అందులో "ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్" అని పడేది. అదే పాస్‌వర్డ్ కన్సోల్‌లో కొడితే మాత్రం లాగిన్ అవుతోంది! అసలు సంగతేమిటంటే, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్‌లో పర్మిట్‌రూట్‌లాగిన్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ప్రొహిబిట్-పాస్‌వర్డ్. అంటే రూట్‌ను కీ ఫైల్‌తో రానిస్తుంది, పాస్‌వర్డ్‌తో రానివ్వదు.

దాన్ని యెస్ చేయమని ఒకరన్నారు. పని అవుతుంది గానీ నాకు మనసొప్పలేదు. రూట్‌ను కాపాడటం నేర్చుకుంటూ ఆ తలుపే తెరిచిపెట్టడం తప్పు కదా. అందుకే రెండో సలహా పాటించాను: ఒక మామూలు యూజర్‌ను లాగాన్ అకౌంట్‌గా రూట్‌కు లింక్ చేశాను. సాఫ్ట్‌వేర్ ముందు ఆ యూజర్‌గా లోపలికెళ్లి, అక్కడి నుంచి ఎస్‌యూ అనే (వేరే యూజర్‌గా మారే) కమాండ్‌తో రూట్ అవుతోంది. వెరిఫై, చేంజ్ రెండూ అయ్యాయి.

ఫైర్‌వాల్, పాస్‌వర్డ్ పాలసీలకు దీనితో సంబంధమే లేదు. వాటి మీద రెండు రాత్రులు పోయాయి. ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 పోర్టు మొదటి నుంచీ తెరిచే ఉంది.

క్లౌడ్ ఇమేజ్ (క్లౌడ్ కోసం ముందే తయారుచేసిన ఉబుంటు) వాడేవాళ్లు ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ అనే సెట్టింగ్ కూడా ఒకసారి చూసుకోండి. అది నో అని ఉంటే లాగాన్ అకౌంట్ కూడా పాస్‌వర్డ్‌తో లోపలికి రాలేదు.