అప్‌డేట్: పళ్ళు ఊడిపోతున్నట్టు కల, కారణం తెలిసింది

ఫిబ్రవరిలో అడిగాను కదా, పళ్ళన్నీ ఊడి అరచేతిలో గుమ్మడి గింజల్లా పడుతున్నట్టు వారానికి రెండు మూడుసార్లు కల వస్తోందని. ఇంట్లో పెద్దవాళ్ళకి కీడని ఎవరో అనడంతో అమ్మ గురించి చాలా టెన్షన్ పడ్డాను.

"పొద్దున లేవగానే దవడ నొప్పిగా ఉంటోందా?" అని ఇక్కడ ఒకరు అడిగారు. అసలు దారి చూపింది ఆ ప్రశ్నే, వారికి చాలా థాంక్స్. కోరపళ్ళ మొనలు అరిగి చదునుగా అయిపోయాయని డెంటిస్ట్ అద్దంలో చూపించారు. నిద్రలో పళ్ళు గట్టిగా కొరుకుతున్నానట. నిద్రపోయేటప్పుడు పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ చేసిచ్చారు. రెండు నెలలకే దాని మీద గీతలు పడ్డాయి. కల మాత్రం గత ఆరు వారాల్లో ఒక్కసారే వచ్చింది.

ఈ కలకి సంబంధం మానసిక బాధతో కాదు, లేచాక పళ్ళలో, దవడలో ఉండే బిగుతుతోనని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు కూడా గమనించారు. కలల గురించి మానసిక వైద్యుడు ఫ్రాయిడ్ చెప్పిన అర్థాలు, కొందరు సలహా ఇచ్చినట్టు రాత్రిపూట పెరుగు మానేయడం నా విషయంలో ఎందుకూ పనికిరాలేదు. అమ్మ బాగుంది, మొన్ననే ఆవకాయ పెట్టింది.

గార్డ్ వాడేవాళ్ళు వేడినీళ్ళతో కడగకండి, వంగిపోతుంది.