మెస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చొని తినాలంటే ఏ వేళకు వెళ్ళాలి?

బెజవాడ కొత్తకాపు:

సభ్యులందరికీ నమస్కారం. నేను గత సంవత్సరం ఉద్యోగ విరమణ చేసి, 30 ఏళ్ళ హైదరాబాదు కాపురం ముగించుకొని, మా శ్రీమతితో విజయవాడ వచ్చి స్థిరపడ్డాను. పిల్లలిద్దరూ విదేశాలలో ఉన్నారు. ఇద్దరి కోసం రెండు పూటలా పొయ్యి వెలిగించడం విసుగ్గా ఉందని ఆవిడ ఒక రోజు అన్న మాట మీద, వారానికి ఒక ఉదయం ఫలహారం, ఒక మధ్యాహ్నం భోజనం బయట చేయాలని ఒప్పందం చేసుకున్నాము. మాల్‌లోని పెద్ద రెస్టారెంట్లు మా ఇద్దరికీ పడవు. యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చొని, వంటవాడు లోపలి నుంచి తొంగి చూసే చిన్న హోటళ్ళే మాకు ఇష్టం.

ఉదయాలు బాగానే గడుస్తున్నాయి. గాంధీనగర్‌లోని బాబాయి హోటల్లో ఇడ్లీ మీద కరుగుతున్న వెన్నను చూసి మా ఆవిడ తన కొలెస్టరాల్ సంగతి ఆ పూటకు మరచిపోయింది. ఒక సాయంత్రం ఒప్పందంలో లేకపోయినా, వీధి చివర బండి దగ్గర నిలబడి, కాగితం పొట్లంలో పునుగులు, వేరుశెనగ పచ్చడి నాకంటే ఎక్కువే తిన్నది.

చిక్కంతా మధ్యాహ్న భోజనంతోనే వచ్చింది. మొన్న ఒంటిగంటకు ఒక మెస్సుకు వెళ్ళాము. ముందుగా డబ్బు కట్టి రెండు టోకెన్లు తీసుకున్నాము గానీ, ఇద్దరికీ ఒకే బల్ల దగ్గర చోటు దొరకలేదు. ఆవిడ ముగ్గురు అపరిచితుల మధ్య, నేను రెండు బల్లల అవతల కూర్చున్నాము. ఆవిడ పప్పు కలుపుకోవడం పూర్తి కాకముందే సాంబారు బకెట్టు వచ్చి నిలబడింది. కుర్చీ వెనుక తరువాతి మనిషి టోకెను పట్టుకొని, ఆవిడ విస్తరిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ పెరుగు దాకా రాకుండానే లేచి చేయి కడుక్కొని, ఇంటికి వచ్చి మజ్జిగ అన్నం తిని, "అక్కడ అన్నం పెట్టారు గానీ తిననివ్వలేదు" అన్నది. వంట విషయంలో మాత్రం ఏ తప్పూ లేదు.

ఇంకా రెండు చిన్న సంగతులు ఉన్నాయి. సర్వరు ఏది అడిగినా నన్నే అడుగుతాడు, ఆవిడకు ఏం కావాలో కూడా నన్నే అడుగుతాడు. రెండవది, ఆవిడ ప్రతి వంటకాన్నీ తన వంటతో పోల్చి మార్కులు వేస్తుంది, దానితో నాకు తిన్న తృప్తి సగం పోతుంది. నాకు రక్తపోటు ఉన్నందున ఉప్పు కూడా చూసుకోవాలి. ఇలాంటి చోట్లకు దంపతులుగా తరచూ వెళ్ళేవారు ఏ వేళకు వెళ్తారో, ఎక్కడ కూర్చుంటారో, ఫ్యామిలీ రూము ఉన్న హోటలును వెతుక్కోవడం మంచిదో కాదో దయచేసి తెలియజేయగలరు.

గుంటూరు కోడలు:

అన్నగారూ, ముందుగా ఫ్యామిలీ రూము సంగతి చెబుతాను. పెళ్ళయిన కొత్తలో మావారు నన్ను ఎక్కడికి తీసుకువెళ్ళినా ఆ తెర కట్టిన గదిలోనే కూర్చోబెట్టేవారు. గోడకు కొట్టిన ప్లైవుడ్ చెక్క, పైన తిరగని ఫ్యాను, పది మంది చేతులు తుడుచుకున్న తెర, ఇదీ దాని వైభవం. తెర వేసిన తరువాత సర్వరు మనలను పూర్తిగా మరచిపోతాడు. చారు కావాలంటే మావారు లేచి వెళ్ళి వాడిని పిలుచుకొని రావలసి వచ్చేది. ఇప్పుడు మేము హాలులోనే, గోడవైపు బల్ల చూసుకొని, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటాము. గోడవైపు నేను, నడవ వైపు ఆయన ఉంటాము కనుక ఎవరు వచ్చి ఎదురుగా కూర్చున్నా నాకు ఇబ్బంది ఉండదు, నా కుర్చీ వెనుక నిలబడడానికి ఎవరికీ చోటే ఉండదు.

సర్వరు మిమ్మల్నే అడగడం గురించి నా అనుభవం చెబుతాను. మీరు అతనికి నీతులు చెప్పవద్దు, పాపం అతనికి అంత తీరిక ఉండదు. అతను "ఏం కావాలి సార్" అన్నప్పుడు మీరు సమాధానం చెప్పకుండా తల తిప్పి ఆవిడ వైపు చూడండి. మూడోసారి వెళ్ళేసరికి అతను నేరుగా ఆవిడనే అడుగుతాడు. మావారికి ఈ ఒక్క విద్య నేర్పడానికి నాకు చాలా కాలం పట్టింది గానీ, సర్వర్లు మాత్రం వెంటనే నేర్చుకున్నారు.

ఇక మార్కుల విషయంలో నేను పూర్తిగా ఆవిడ పక్షమే. 30 ఏళ్ళు వండిన మనిషి నాలుక ఊరకే ఉండదు. ఇంట్లో రోజూ కాచే పప్పుచారును తినడానికి ఆవిడను బయటకు తీసుకువెళ్తే పోల్చక ఏం చేస్తుంది? ఇద్దరి కోసం ఇంట్లో చేయలేని వంటకం దొరికే చోటుకు తీసుకువెళ్ళండి. ఉలవచారునే తీసుకోండి. రాత్రి నానబెట్టిన ఉలవలను గంటల తరబడి ఉడికించి, ఆ కట్టును చింతపండు పులుసుతో చిక్కబడే దాకా మరిగించాలి. గ్లాసెడు చారు కోసం ఇంట్లో ఎవరూ అంత గ్యాసు తగలెయ్యరు. అది వేడి అన్నంలో మీగడతో కలుపుకొని తినేటప్పుడు ఆవిడ మార్కులు వేస్తుందేమో చూడండి. మినపరొట్టె కూడా అలాంటిదే. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద మూత పెట్టి కాల్చిన రొట్టె అడుగున ఎర్రగా గట్టి పొర కట్టి, లోపల మెత్తగా ఉండాలంటే ఓపిక కావాలి. ఆ ఓపికకే మనం డబ్బు ఇస్తున్నాము.

ఇంకొక మాట మగవారికి తట్టదు కనుక చెబుతున్నాను. కూర్చోకముందే, ఆడవారు వాడుకోదగిన బాత్‌రూము ఉందో లేదో కనుక్కోండి. లేదంటే ఆవిడ మంచినీళ్ళు కూడా తాగకుండా భోజనం ముగిస్తుంది, అందుకు కారణం మీకు ఎప్పటికీ తెలియదు.

ఏలూరు పాత మెస్సు:

నేను 19 సంవత్సరాలు 24 కుర్చీల మెస్సు నడిపి, మోకాళ్ళు సహకరించక మానుకున్నవాడిని. కాబట్టి బకెట్టు పట్టుకున్న వారి వైపు నుంచి కొంత చెప్పనివ్వండి.

మెస్సులో భోజనం ధర తక్కువగా ఉండడానికి కారణం వంట కాదు, కుర్చీ. మధ్యాహ్నం మూడు గంటల వ్యవధిలో ఒక్కొక్క కుర్చీ మీద నలుగురైదుగురు తిని లేస్తేనే అద్దె, గ్యాసు, కూలి పోను ఏమైనా మిగులుతుంది. ఒంటిగంటకు వచ్చేవారిలో అధికభాగం చుట్టుపక్కల దుకాణాల గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, ఊరి పని మీద వచ్చినవారు. వారికి ఇరవై నిమిషాలే ఉంటాయి. ఆ వేళకు దంపతులు వచ్చి ముప్పావు గంట కూర్చుంటే వడ్డించేవాడికి తెలియకుండానే చేయి వేగం పెరుగుతుంది. మీ శ్రీమతిగారికి జరిగినది మంచిపని కాదు, అయితే అది ఆవిడను ఉద్దేశించి చేసినదీ కాదు.

మీరు 11.45కు వెళ్ళండి. ఆ వేళకు మొదటి గుండిగ అన్నం వార్చి ఉంటుంది, వేపుడు కరకరలాడుతూ ఉంటుంది, పప్పు మీద పోపు ఇంకా తేలుతూ ఉంటుంది, హాలు సగం ఖాళీగా ఉంటుంది. లేదా 2.15 దాటిన తరువాత వెళ్ళండి. అప్పుడు వేపుడు మీద ఆశ వదులుకోవాలి, కానీ పులుసు, చారు అప్పటికి బాగా ఊరి, మొదటి పంక్తి వారికి దొరకని రుచికి వస్తాయి. మా మెస్సులో పులుసు కోసమే కావాలని ఆలస్యంగా వచ్చే పంతులుగారు ఒకరు ఉండేవారు.

మంచి మెస్సును ఎలా గుర్తించాలని అడిగితే, నేను కూరల పట్టీని చూడను. చేతులు కడుక్కునే చోటు చూస్తాను, తరువాత పెరుగు చూస్తాను. వారే తోడు పెట్టిన పెరుగు గరిటెతో తీస్తే ముక్కగా వస్తుంది, తీసిన చోట నీరు ఊరుతుంది. పెరుగు దగ్గర పొదుపు చేసేవాడు నూనె దగ్గర కూడా చేస్తాడని నా అనుభవం. గోడ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఉన్నదేమో ఒకసారి చూడండి, అది ఉండి తీరాలి. బిల్లు విషయంలో కూడా ఒక సంగతి తెలిసి ఉండడం మంచిది. చిన్న హోటళ్ళు కొన్ని జీఎస్టీలో కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పథకం కింద ఉంటాయి. ఆ పథకంలో ఉన్నవాడు తన అమ్మకాల మీద 5 శాతం తానే చెల్లించాలి గానీ, దానిని మీ బిల్లులో పన్నుగా చూపి వసూలు చేయకూడదు.

ఉప్పు గురించి: పచ్చళ్ళు, అప్పడం, ఊరమిరపకాయ వడ్డించవద్దని ముందే చెప్పండి. మజ్జిగలో ఉప్పు కలిపే ఉంచుతారు కనుక పెరుగు అడగండి. వద్దన్నప్పుడు విస్తరి మీద చేయి అడ్డం పెట్టడం కంటే, గరిటె ఇంకా బకెట్టులో ఉండగానే "కొంచెమే" అనడం మేలు. గరిటె పైకి లేచిన తరువాత దానిని ఆపడం సర్వరుకు కూడా కష్టమే. ఒక భోజనం తీసుకొని ఇద్దరూ తినడం మాత్రం ఏ మెస్సూ ఒప్పుకోదు. ఆకలి తక్కువగా ఉన్న రోజు ఒక భోజనం, ఒక పెరుగన్నం ఇస్తారేమో అడగండి. మేము ఇచ్చేవాళ్ళము.

అడగకపోయినా ఒక మాట. ఆ 19 ఏళ్ళూ మా ఇంటావిడ అందరూ తిన్నాక సాయంత్రం నాలుగింటికి, గుండిగ అడుగున మిగిలిన అన్నం తినేది. ఇప్పుడు మేమిద్దరం నెలకు రెండుసార్లు వేరేవాళ్ళ మెస్సుకు వెళ్తున్నాము. మొదటి పంక్తిలోనే కూర్చుంటాము.

పెన్నా గట్టు:

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు. ఇద్దరం ఉద్యోగస్తులం కనుక 11.45 భోజనం మాకు కలలో మాట. మేము వారపు రోజులలో ఉదయం ఏడింటికి, కార్యాలయానికి వెళ్ళే దారిలో తింటాము. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో ఇడ్లీ, వడ, చట్నీ, కాఫీ వంటివి కొన్నే ఉంటాయి, సాంబారు ఇవ్వరు. రెండు ఇడ్లీలు, ఒక వడ తీసుకొని, వడను చెరిసగం చేసుకొని, చట్నీ రెండోసారి పోయించుకొని, బయట గట్టు మీద పెట్టుకొని తింటాము. కూర్చునే ప్రశ్నే లేదు కనుక కుర్చీ వెనుక ఎవరు నిలబడ్డారన్న బాధా లేదు. గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్ 1943 నాటిది. అక్కడి దోసె కోసం ఆదివారం వెళ్తే బయట నిలబడవలసిన సేపు మా కాపురానికే పరీక్ష అవుతుంది కనుక ఆదివారం వెళ్ళము.

మార్కుల బాధకు మేము పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. ఈ వారం చోటు ఎంచినది నేనైతే, ఇల్లు చేరే దాకా తను ఏమీ అనకూడదు. వచ్చే వారం నా నోటికి తాళం. ఇల్లు చేరేసరికి సగం ఫిర్యాదులు మరచిపోతాము.

చల్లని మాట:

అందరూ మెస్సులనే పొగడుతున్నారు. మా ఆవిడకు వేసవిలో ఉక్కపోత పడదు, మాకు ఏసీ హాలే దిక్కు. ఒక చోట, పేరు ఎందుకులెండి, బిల్లులో 10 శాతం సేవా రుసుము కలిపారు. తీసేయమంటే తీసేశారు. దానిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. నా మాట ఏమిటంటే, ఏసీ కోసం అదనంగా ఇవ్వడానికి సిద్ధమైనప్పుడు, ఆ ధర పట్టికలోనే ఉన్నదా లేదా చూసుకొని కూర్చోండి.

గుంటూరు కోడలు:

ఏసీ హాలులో వేడి అన్నం రెండో ముద్దకే చల్లారిపోతుందండీ. అయినా మే నెలలో మీతో వాదించను.

బెజవాడ కొత్తకాపు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గురువారం 11.50కి, అదే మెస్సుకు, కావాలనే మళ్ళీ వెళ్ళాము. గోడవైపు బల్ల దొరికింది, పక్కపక్కనే కూర్చున్నాము. సర్వరు "సార్, పప్పా, పప్పుచారా" అన్నప్పుడు నేను కోడలుగారు చెప్పినట్టు తల తిప్పి ఆవిడ వైపు చూశాను. అతను ఒక క్షణం తికమకపడి, "అమ్మా, మీకు?" అన్నాడు. అక్కడి నుంచి వడ్డన అంతా ఆవిడ చేతి సైగల మీదనే నడిచింది. నా పచ్చళ్ళు కూడా ఆవిడే ఆపించింది. ఇది నేను ముందుగా ఊహించలేదు.

దొండకాయ వేపుడు వచ్చింది. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకొని, ఏమీ అనకుండా ఇంకొక ముక్క తీసుకొని, వేలితో విరిచి చూసింది. మార్కులు వస్తాయని నేను సిద్ధపడ్డాను. ఆవిడ సర్వరును పిలిచి, ముక్క ఇంత కరకరలాడడానికి ఏం చేస్తారని అడిగింది. అతనికి తెలియక లోపలికి వెళ్ళి వంటావిడనే పిలుచుకొని వచ్చాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, దొండకాయలను నిలువుగా చీరి, కాగిన నూనెలో దేవి పక్కన పెట్టుకుంటామనీ, వడ్డనకు ముందు మాత్రమే వేయించిన వేరుశెనగ గుళ్ళు, కొబ్బరి కారం, కరివేపాకు కలుపుతామనీ, ముందే కలిపితే మెత్తబడుతుందనీ చెప్పింది. వారిద్దరూ మాట్లాడుకుంటున్నంతసేపూ నేను నిశ్శబ్దంగా అన్నం తిన్నాను.

బయటకు వచ్చాక మా ఆవిడ, "మూకుడు నిండా అంత నూనె నేను ఇంట్లో పోయను. ఆ వేపుడు మాత్రం ఇక్కడే తిందాము" అన్నది. ఇంతవరకు ఏ హోటలుకూ అంతకంటే మంచి మాట దక్కలేదు. వచ్చే వారం ఉలవచారు దొరికే చోటును తానే ఎంచుతానంటున్నది. గవర్నర్‌పేట, గాంధీనగర్ పరిసరాలలో మీగడతో వడ్డించే చిన్న చోటు ఎవరికైనా తెలిస్తే, వారంలో ఏ రోజు చేస్తారో కూడా కలిపి రాయవలసిందిగా కోరుతున్నాను.