ఎంబీఏ పిల్లలకి ఫైనాన్స్ బుర్రకెక్కాలంటే ఏం చెయ్యాలి?

గుంటూరు_మేడం: అందరికీ నమస్తే. ఒక ఎంబీఏ కాలేజీలో ఫైనాన్స్ చెప్తాను. క్లాసులో బీకాం వాళ్ళుంటారు, బీజెడ్‌సీ చేసి ఐసెట్ రాసి వచ్చినవాళ్ళుంటారు, బీఏ వాళ్ళూ ఉంటారు. పరీక్షకి ఆల్ ఇన్ వన్ కొని నాలుగు రోజులు బట్టీ కొట్టి పాసైపోతారు గానీ ఇంటర్వ్యూలో వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజూ నడవడానికి తిరిగే డబ్బు) అంటే ఏంటమ్మా అని అడిగితే నోరు పెగలదు. పెద్ద బిజినెస్ స్కూళ్ళలోలాగా కేసులిచ్చి (ఒక కంపెనీకి వచ్చిన సమస్య రాసిచ్చి, మీరైతే ఏం చేస్తారని చర్చించమనడం) చూశా, పదిహేను పేజీల ఇంగ్లీషు కేసు ఒక్కళ్ళూ చదివి రాలేదు, చివరికి నేనే చదివి నేనే చర్చించుకున్నా 😅 ఎవరైనా ఏదైనా చేసి ఫలితం చూశారా?

పాత_మాస్టారు: మేడం, కేసు పద్ధతి తప్పు కాదు, మనం తెచ్చిపెట్టుకున్న చోటే తేడా. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అది వందేళ్ళుగా నడుస్తోందంటే అక్కడ క్లాసులో మాట్లాడినదానికి కూడా మార్కులుంటాయి, పైగా నాలుగేళ్ళు ఉద్యోగం చేసొచ్చినవాళ్ళు కూర్చుంటారు. మన హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీలోనూ ఎక్కువమంది అలా వచ్చినవాళ్ళే. మన పిల్లలు డిగ్రీ అవ్వగానే వచ్చేస్తారు, వాళ్ళకి ఒక్క పేజీ చాలు. ఇంకోటి, క్లాసు మొదలవగానే పుస్తకాలు మూయించి నిన్న చెప్పింది ఐదు నిమిషాలు గుర్తున్నంతవరకు రాయించండి, మార్కులు వద్దు. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు అమెరికాలో పరీక్షించారు, పాఠం మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు గానీ వారం పోయాక చూస్తే చూడకుండా రాసినవాళ్ళదే పైచేయి. బట్టీ రహస్యం అంతా అదే కదా, పరీక్ష రోజుకి ఉంటుంది, ఇంటర్వ్యూ నాటికి ఉండదు.

బీజెడ్‌సీ_బ్యాచ్: స్టూడెంట్‌గా చెప్తున్నా మేడం, తప్పుగా అనుకోకండి. మాకు విషయం అర్థం కాక కాదు, ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే వెనక బెంచీ నవ్వుతుందని నోరు మూసుకుంటాం. ముందు తెలుగులో వాదించుకోనిచ్చి తర్వాత అదే ఇంగ్లీషులో రాయమంటే రాస్తాం.

బ్యాంకు_బాబాయ్: నేనైతే చీటీ పాటతో మొదలుపెడతా. ఇరవై మంది, నెలకి 5 వేలు, లక్ష చీటీ. మూడో నెల ఒకాయన 25 వేలు వదులుకుని పాడి 75 వేలు ఎత్తాడు. నిర్వాహకుడి కమిషన్ 5 వేలు పోతే మిగిలిన 20 వేలు ఇరవై మందికి తలా వెయ్యి, అంటే ఆ నెల కట్టేది 4 వేలే. ఇప్పుడు అడగండి, ఎత్తినాయనకి వడ్డీ ఎంత పడింది, చివరిదాకా ఆగినావిడకి ఎంత వచ్చింది, అదే బ్యాంకులో ఆర్డీ కడితే ఏమయ్యేది? ఎక్సెల్‌లో ఐఆర్ఆర్ (కట్టినదానికి, వచ్చినదానికి కలిపి ఎంత శాతం వడ్డీ పడిందో చెప్పే లెక్క) వాళ్ళే వేస్తారు, ఎందుకంటే జవాబు ఇంట్లో చెప్పాలని ఉంటుంది.

గుంటూరు_మేడం: బాబాయ్ గారూ, సోమవారం ఇదే చేశా. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి లేచి, మా అమ్మ చీటీలు వేస్తుంది మేడం, మొదట్లోనే ఎత్తేవాళ్ళు అవసరం ఉన్నవాళ్ళు, చివర ఎత్తేవాళ్ళు డబ్బు ఉన్నవాళ్ళు అని బోర్డు మీద లెక్క వేసి చూపించింది. నాక్కూడా అంత సూటిగా చెప్పడం రాలేదు. వర్కింగ్ క్యాపిటల్‌కి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెమ్మన్నా, అప్పు పేర్లు కనపడకుండా కొట్టేసి తెమ్మన్నాలెండి. ఒక్కటే చిక్కు, యూనివర్సిటీ పేపర్లో మాత్రం ఇంకా నిర్వచనాలే అడుగుతున్నారు, ఇంటర్నల్స్‌లో ఇలాంటి లెక్కలిచ్చి మార్కులు వేసినవాళ్ళెవరైనా ఉంటే ప్రశ్నపత్రం ఎలా తయారు చేశారో చెప్పండి.