ఉత్తర కొరియా తల్లుల కాన్పు అనుభవాలు: కొరియన్ భాష వచ్చినవాళ్లు, ఏఎన్ఎంలు సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. ఉత్తర కొరియా దాటి సియోల్ చేరిన తల్లులను అడగడానికి ప్రశ్నలు తయారుచేస్తున్నాం. ప్యాంగ్యాంగ్‌లో 1980లో తెరిచిన ప్రసూతి ఆసుపత్రి గురించి చాలామంది రాశారు. మాకు కావాల్సింది కొండపల్లెల సంగతి.

చిక్కంతా కాన్పు తర్వాతి రక్తస్రావం దగ్గరే. బిడ్డ పుట్టగానే, వీలైతే నిమిషంలోపు, గర్భసంచిని గట్టిపరిచి రక్తస్రావాన్ని తగ్గించే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. కరెంటు లేక ఫ్రిజ్ ఆగితే మందు బలం తగ్గిపోతుంది, ఇంజెక్షన్ పడినా గర్భసంచి సరిగా గట్టిపడకపోవచ్చు. అందుకే "సూది వేశారా?" అని అడిగితే చాలదు. వైద్యం ఉచితమని చట్టం చెప్పినా మందులు సంతలో కొనుక్కున్నవాళ్లు ఎందరో. ఆ ఆంప్యూల్ (సూదిమందు ఉండే చిన్న గాజు సీసా) ఎక్కడిది, కొన్నప్పుడు చల్లగా ఉందా, ఎండలో ఉందా అనీ అడగాలి.

పోయిన రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని మనకు తెలుసు, బాలింతకు ఆ లెక్క ఎలా తెలుస్తుంది? ఎన్ని గుడ్డలు తడిశాయి, పిండితే కారిందా, లేస్తే కళ్లు తిరిగాయా, మాయ ఎంతసేపటికి పడింది అని అడుగుదామనుకుంటున్నాం.

ఏఎన్ఎం అక్కలూ, ఎంత కొలత గుడ్డ పూర్తిగా తడిస్తే ఎంత రక్తమని లెక్క వేస్తారు? కొరియన్ భాష వచ్చినవాళ్లు, మాయకూ, కళ్లు తిరగడానికీ ఉత్తర కొరియా ఆడవాళ్ల నోట నలిగే మాటలు చెప్పండి. సియోల్ ఆసుపత్రి పదాలు వాళ్లకు కొత్త. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఏ ప్రశ్నతో ఆపేయాలో కూడా చెప్పండి. ఊరి పేరు, డాక్టరు పేరు మాత్రం అడగం, అయినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.