సమస్య: ముఖము లేని వాని మోము మెచ్చె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. దీనితో ముగిసేలా పై మూడు పాదాలు రాయడమే పూరణ:

ముఖము లేని వాని మోము మెచ్చె

గణాలు: ముఖము (నగణం, మూడు లఘువులు), లేని, వాని, మోము, మెచ్చె (నాలుగూ హగణాలు, గురువు తర్వాత లఘువు). న, హ గణాలే సూర్యగణాలు, ఇక్కడ అయిదున్నాయి. యతి ము–మో, ఉకారానికి ఓకారంతో మైత్రి ఉంది కనుక చెల్లింది. ఇక మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదం నాలుగో దానిలాగే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. ప్రాస అక్కర్లేదు, యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) వాడుకోవచ్చు.

అంశం కావాలన్నవారికి: థామస్ పించన్. 1937లో పుట్టిన అమెరికా నవలాకారుడు. మొదటి నవల 1963లో వచ్చింది. ఇంటర్వ్యూలివ్వడు, పుస్తకాల అట్టల మీద ఫొటో ఉండదు. 2013 తర్వాత మళ్లీ 2025 అక్టోబరులో ‘షాడో టికెట్’ వచ్చింది. పురాణాల్లోకి వెళ్లినా అభ్యంతరం లేదు.

పూరణ 1

తలయె లేనివాడు దానవు డడవిలో
రాము చేత గూలి రగులు చితిని
దివ్య రూపు దాల్చి తేజరిల్లగ జూచి
ముఖము లేని వాని మోము మెచ్చె.

*వ్యాఖ్య:* కబంధుడు! ఈ సమస్యకు ఎవరో ఒకరు ఆయన్ను పిలుస్తారని తెలుసు. గణయతులు సరిగ్గా ఉన్నాయి. కానీ మెచ్చినదెవరు? పద్యమంతా వెదికినా కర్త దొరకడు. ఇంకొకటి, వాల్మీకంలో కుడిచేయి నరికింది రాముడైతే ఎడమచేయి లక్ష్మణుడు. ఇద్దరినీ తెస్తే రెండూ సర్దుకుంటాయి:

తలయె లేనివాడు దానవు డడవిలో
నన్నదమ్ము లడచ నగ్ని జొచ్చి
దివ్య రూపు దాల్చ దిగ్గున సౌమిత్రి
ముఖము లేని వాని మోము మెచ్చె.

పూరణ 2

కాగితంపు సంచి గప్పుకొనిన వాడు
బొమ్మలాట లోన బొడమినాడు
మాట విన్న జనము మఱి నవ్వి సంచినే
ముఖము లేని వాని మోము మెచ్చె.

(పించన్ 2004లో ‘ద సింప్సన్స్’ కార్టూన్ సీరియల్‌లో తలకు కాగితపు సంచి తొడిగిన బొమ్మగా వచ్చాడు. గొంతు మాత్రం ఆయనదే.)

*వ్యాఖ్య:* ఊహ బాగుంది. ‘మాట విన్న’ అనడంలో గొంతు సంగతి కూడా ఇమిడింది. లోపాలు మూడు. ‘బొమ్మలాట’ అనగానే తెలుగువాడికి తోలుబొమ్మలు కళ్ల ముందు ఆడతాయి. ‘బొమ్మ కదలు చోట’ అంటే గణాలు చెడవు. ‘మఱి’ పాదం నింపడానికి వచ్చిన మాట. ‘సంచినే మోము మెచ్చె’ అన్వయించదు, ‘మోముగా’ కావాలి. సమస్యలో ‘గా’కు చోటు లేదు. ద్వితీయ తీసేసి ప్రథమ పెట్టండి, జనం అన్న మాటగా మారిపోతుంది:

మాట విన్న జనము మనసార ‘సంచియే
ముఖము లేని వాని మోము’ మెచ్చె.

‘అని’ అధ్యాహారం, అంటే పద్యంలో లేకున్నా చేర్చుకోవాలి.

*మరొక సభ్యుడు:* ఆర్యా, రచయిత పేరు పద్యంలో పెట్టకూడదా?

*వ్యాఖ్య:* పెట్టవచ్చు. ‘పించను’ భగణం (గురువు, రెండు లఘువులు), అంటే ఇంద్రగణం. కాబట్టి ఒకే గణంగా నిలవాలంటే ఒకటి, మూడు పాదాల చివరి రెండు గణాల్లోనే పడుతుంది. అయితే చదివేవాడు నెలనెలా వచ్చే పింఛను అనుకునే ప్రమాదముంది.

పూరణ 3

బహుమతి వేదికపై పకపక నవ్వించె
వాని బదులు వేఱె వాడొకండు
సభయు నతని జూచి సాక్షాత్తు వాడని
ముఖము లేని వాని మోము మెచ్చె.

*వ్యాఖ్య:* ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. 1974లో నేషనల్ బుక్ అవార్డు ఇచ్చిన సభకు పించన్ రాలేదు; ఆయన తరఫున ఇర్విన్ కోరీ అనే హాస్యనటుడు వచ్చి పొంతనలేని ఉపన్యాసం ఇచ్చాడు. కోరీయే రచయిత అనుకున్నవారూ ఉన్నారు. సమస్యలోని విరోధం ఇక్కడ మాటల గారడీతో పోలేదు, జరిగిన సంగతితోనే పోయింది: మెచ్చిన మోము ఉంది, అది పించన్‌ది కాదు.

మొదటి పాదంలోనే గణం తప్పింది. ‘బహుమ’ నగణం, సరే. తర్వాత ‘తి’ లఘువు, ‘వే’ గురువు. సూర్యగణం లఘువుతో మొదలైతే మూడూ లఘువులే కావాలి. గురువు వస్తే అది ముందే రావాలి. వేలితో తాళం వేసుకుంటూ చదివితే ‘తివే’ దగ్గర ఆగిపోతారు. సవరణ:

బహుమతి సభకేగి పకపక నవ్వించె

బహుమ–తి సభ–కేగి–పకపక–నవ్వించె: న, న, హ, నల, త (చివరి రెండూ ఇంద్రగణాలు). యతి బ–ప.

*పూరణకర్త:* ధన్యవాదాలు గురువుగారూ. ‘వేదిక’ మీద మోజుతో చూసుకోలేదు.

పూరణ 4

పదియు రెండు నేండ్లు పడిగాపులను గాచి
కొత్త నవల కొనగ గోరువాడు
అట్ట వెనుక ఫొటొయు నైన లేకున్న నా
ముఖము లేని వాని మోము మెచ్చె.

(ఆముఖము = ముందుమాట)

*వ్యాఖ్య:* పై పాదం చివరి అక్షరాన్ని సమస్యకు తగిలించి అర్థం మార్చడం ఒప్పుకున్న పద్ధతే. ‘పడిగాపులను గాచి’ చక్కగా కుదిరింది. చిక్కు ఎక్కడంటే, ముందుమాట లేకపోవడం పుస్తకానికి చెల్లుతుంది, అప్పుడు ‘దాని’ కావాలి. పైగా ‘ఆముఖము’తో ముడి విప్పి ‘మోము’తో మళ్లీ వేశారు: ఫొటో లేనివాడి మోము ఎలా మెచ్చాడు?

*మరొక సభ్యుడు:* ముందుమాట రాయనివాడన్నా తప్పే. 1984లో ‘స్లో లెర్నర్’ కథాసంపుటికి తన తొలి కథల తప్పులు తానే ఎంచుతూ పెద్ద ముందుమాట రాశాడు.

*వ్యాఖ్య:* మంచి పట్టు. ఇంకొకటి, ‘గోరువాడు’ ఉకారంతో ముగిసి ‘అట్ట’ అచ్చుతో మొదలైంది. ఉత్తునకు (పొట్టి ఉకారానికి) సంధి నిత్యం. పాదం మారింది కదా అని వదలకూడదు. చేస్తే రెండో పాదంలో ‘డు’ పోతుంది. ‘గోరి’ లాంటి క్త్వార్థకం (‘చేసి’, ‘చూసి’ వంటి అసమాపక క్రియ) పెడితే సంధి రాదు, యడాగమం వస్తుంది, అంటే మధ్యలో ‘య’ చేరుతుంది. యతి మాత్రం అచ్చుకే.

*పూరణకర్త:* మార్చాను, చూడండి:

పదియు రెండు నేండ్లు పడిగాచి చదువరి
కొత్త నవల చదువ గోరి గోరి
యచ్చులోని పలుకు లతని రూపమటంచు
ముఖము లేని వాని మోము మెచ్చె.

*వ్యాఖ్య:* ఇప్పుడు కర్త ఉన్నాడు, సంధి కుదిరింది, ‘మోము’కు అర్థమూ వచ్చింది. ‘గోరి గోరి’ తీయకండి. ఊతపదంలా కనిపిస్తుంది గానీ పన్నెండేళ్ల ఆత్రం అందులోనే ఉంది. గడువు ఆదివారం రాత్రి. తల లేని కేతువు మీద ఇంకా ఎవరూ రాయలేదు.