స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద పాతకాలం నమూనా స్కోప్ నిలవట్లేదు

ప్రశ్న (గుంటూరు): నా స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ పైనున్న 11 ఎం.ఎం. డవ్‌టెయిల్ రైలు (స్కోప్ బిగించే గాడి పట్టీ) మీద రెండో ప్రపంచ యుద్ధం నాటి స్కోప్ (గురి చూసే దుర్బిణి) నమూనా బిగించాను. 10 మీటర్లకి జీరో చేసిన (గురి సరిచేసిన) కాసేపటికే గురి తప్పుతోంది. స్క్రూలు ఇంకా బిగించమంటారా?

జవాబు (విజయవాడ): వద్దండి, స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుంది. స్ప్రింగ్ గన్ ముందు వెనక్కి తంతుంది, లోపల స్ప్రింగ్ తోసే పిస్టన్ ఆగగానే ముందుకి కుదుపుతుంది. ఆ రెండో దెబ్బకే మౌంట్ (స్కోప్‌ని రైలుకి పట్టి ఉంచే బిగింపు) వెనక్కి జారుతుంది. రైలు మీద నూనె లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్టాప్ పిన్ (జారకుండా ఆపే మేకు) ఉన్న మౌంట్ తెచ్చి, పిన్నుని రైలు రంధ్రంలోకి దించండి. స్కోప్‌ని పట్టుకునే రింగుల స్క్రూలు ఐమూలగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

ఇంకో జవాబు: ముందు మౌంట్ అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టండి సార్. గీత కదలకుండా గురి మారితే స్కోప్ లోపల రెటికిల్ (గురి గీతలు) వదులై ఉండొచ్చు. ఎయిర్‌గన్‌కి తగ్గ స్కోప్ కావాలి. పైగా పారలాక్స్ (కన్ను జరిగితే గురి గీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించే తేడా) 100 గజాల దూరానికి సరిచేసి పెట్టినదైతే, 10 మీటర్ల దగ్గర కన్ను కాస్త పక్కకి జరిగినా గుండు పక్కకి పోతుంది.